ఎండాకాలం చివర్లో ఎటు మేలు: అరకా, కోనసీమా?

మే మూడో వారం దాటితే చాలు, తెలిసినవాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. బడులు తెరిచేలోపు పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు ఎటైనా వెళ్లాలి, అరకు వెళ్లమంటావా, కోనసీమ వెళ్లమంటావా అని. హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లే ఎక్కువ. బెంగళూరు నుంచి కొందరు, సెలవులకి అమెరికా నుంచి దిగే మేనకోడళ్లు, వాళ్ల స్నేహితులు కొందరు. ఈ రోహిణి కార్తెలో నేను రెండు చోట్లకీ వెళ్లొచ్చాను. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పడం కంటే అంతా ఒకచోట రాసేస్తే నయమనిపించింది.

అక్కడ ఏమేం చూడాలో మీకు తెలుసు కాబట్టి ఆ జాబితాల జోలికి పోను. రోహిణి కార్తె అంటే సుమారు మే 25 నుంచి జూన్ 7 దాకా. బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. ఈ రెండున్నర వారాల గురించే నేను చెప్పేది. డిసెంబర్‌లో అరకు సంగతి వేరు, సంక్రాంతికి కోనసీమ సంగతి వేరు.

ముందుగా, మీరు ఫోన్‌లో చూసి ముచ్చటపడ్డ ఫొటోలు ఈ కాలానివి కావు. అరకు లోయంతా పసుపు పరిచినట్టుండే వలిసె పూలు చలికాలం మొదట్లో పూస్తాయి. లంబసింగి పొగమంచు డిసెంబర్, జనవరి నెలలది. మే నెలాఖరుకి కటికి జలపాతం ధార సన్నబడిపోతుంది. కాఫీ తోటల్లో ఎర్ర పండ్లు కూడా కనపడవు. పూత మార్చి, ఏప్రిల్‌లోనే అయిపోయి, ఇప్పుడు కొమ్మలకి ఆకుపచ్చ పిందెలుంటాయి. కోత నవంబర్ వచ్చాకే.

కోనసీమలోనూ ఇదే తంతు. నిండు కాలువ, అందులో పడవ, రెండు గట్ల మీదా కొబ్బరిచెట్లు అనుకుని వెళ్తారు. ఆ కాలువ ఇప్పుడు ఎండిపోయి ఉంటుంది. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ధవళేశ్వరం దగ్గర నీళ్లు కట్టేస్తారు. పూడిక తీయడం, గుర్రపుడెక్క లాగేయడం, లాకులు, తూములు బాగుచేయడం, ఏ పనైనా ఈ కొద్ది వారాల్లోనే అయిపోవాలి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా సంవత్సరమంతా కాలువకి నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎప్పుడు కడతారు అన్న లెక్క మీదే నడుస్తోంది. జూన్ మొదట్లో మళ్లీ వదులుతారు. గోదావరి పాయల్లో నీళ్లుంటాయి, దిండి దగ్గర వశిష్ఠలో బోటు ఎక్కొచ్చు. కానీ ఊరి మధ్య కాలువ వంతెన మీద నిలబడితే కనిపించేది నెర్రెలిచ్చిన బురద, అందులో క్రికెట్ ఆడుతున్న పిల్లలు. పులస ఉందా అని ఎవరినీ అడగకండి. అది ఎర్రనీళ్లు వచ్చాక, జూలై దాటాక దొరికే చేప.

మరి ఈ ఫొటోలు తీసేస్తే దేన్ని చూసి తేల్చుకోవాలి? నన్నడిగితే మధ్యాహ్నాన్ని చూసి. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా ఎక్కడైనా బాగానే ఉంటుంది. సాయంత్రం ఐదు దాటాక ఎక్కడైనా నెట్టుకురావచ్చు. పదకొండు నుంచి నాలుగు దాకా ఉన్న ఐదు గంటలు ఎక్కడ కూర్చుంటారు, ఎవరితో కూర్చుంటారు, పిల్లలు ఏం చేస్తారు అన్నది తేలితే ఎటు వెళ్లాలో తేలిపోయినట్టే. టూర్ ప్లాన్ వేసేవాళ్లెవరూ దీని గురించి ఆలోచించరు. రోజుకి ఆరేడు స్పాట్లు రాసుకుంటారు, అందులో నాలుగు నడి ఎండలో పడతాయి. మూడో రోజుకి పిల్లలకి జ్వరం, పెద్దవాళ్లకి నీరసం, కార్లో ఒకరి మీద ఒకరు చిరాకు పడటం.

అరకులో మధ్యాహ్నం బయట గడపొచ్చు. అది దాని పెద్ద బలం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు కాబట్టి ఎండ కాస్తున్నా నీడలోకి వచ్చేసరికి ఒళ్లు చల్లబడుతుంది. అనంతగిరి వైపు సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోట పక్కన కాలిబాట మీద మిట్టమధ్యాహ్నం నడిచాను. మిరియాల తీగ చెట్టు మొదలు నుంచి పైదాకా పాకి ఉంది, కింద ఆకుల మెత్తదనం, చెమట పెద్దగా లేదు. విశాఖలో అదే సమయానికి బయటికి అడుగు పెట్టలేం. మూడు గంటలయ్యేసరికి కొండల వెనక నుంచి మబ్బు లేస్తుంది, నాలుగు ఉరుములు, ఓ అరగంట జోరువాన, మళ్లీ తెరిపి. ఈ వానల్లో పిడుగులు పడతాయి, పొలాల్లోనూ ఒంటరి చెట్ల కిందా నిలబడొద్దు. రాత్రికి దుప్పటి కప్పుకుని పడుకుంటారు. ఏసీ లేకుండా పిల్లలు తెల్లవారేదాకా లేవకుండా నిద్రపోవడం మే నెలలో చిన్న విషయం కాదు.

రైలు ప్రయాణం కూడా మధ్యాహ్నం లెక్కకి కలిసొస్తుంది. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ బండి విశాఖలో పొద్దున్న ఏడు కాకముందే బయల్దేరి, ఎండ ముదిరేలోపు కొండెక్కేస్తుంది. శృంగవరపుకోట, శివలింగపురం దాటాక సొరంగాలు మొదలు. ప్రతి సొరంగంలోనూ పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారి కేక పెడతారు, చివరి సొరంగం దాకా ఆ ఉత్సాహం తగ్గదు. 2017లో వచ్చిన అద్దాల విస్టాడోమ్ పెట్టె బాగుంటుంది గానీ టికెట్ దొరకడం కష్టం. ఈ కాలంలో నాకు మామూలు పెట్టె కిటికీయే ఇష్టం, గాలి ముఖానికి కొడుతుంది. ఈ లైను వేసింది మనలాంటివాళ్ల కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి ఎగుమతి చేయడానికి 1960లలో వేశారు. ఎదురుగా ఖనిజం గూడ్సు వస్తుంటే మన బండి ఏదో చిన్న స్టేషన్లో ఆగుతుంది. అప్పుడే బుట్టల్లో పనసతొనలు పట్టుకుని ఆడవాళ్లు కిటికీల దగ్గరికి వస్తారు. హైదరాబాద్ నుంచి రాత్రి బండిలో విశాఖ వచ్చి అదే పొద్దున్న ఇది అందుకుందామని మాత్రం ప్లాన్ చేసుకోకండి. వచ్చే బండి కాస్త లేటయితే ఇది వెళ్లిపోతుంది. ఒక రాత్రి విశాఖలో ఉండండి.

అరకులో నన్ను బాధపెట్టింది వేరే సంగతి. శని, ఆదివారాల్లో రోడ్డు పొడవునా కార్లు, బొంగు చికెన్ బళ్ల దగ్గర ప్లేట్లు, సీసాలు, ప్లాస్టిక్. బొర్రా గుహల్లో నిలబడటానికి చోటు లేనంత జనం. దాని పైన రైలు పోతోందని, కింద గోస్తని నది పారుతోందని పిల్లలకి చెబుదామంటే మైకుల గోల. ఇంతకన్నా పెద్ద బాధ ఏమిటంటే, సంతలో పసుపు, చింతపండు, కొండచీపుర్లు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల ముఖాల మీదికి అడగకుండా ఫోన్లు పెట్టడం. ఒకావిడ అడ్డాకులు ఒడిలో పోసుకుని విస్తరి కుడుతోంది. ఆకు మీద ఆకు వేయడం, సన్నటి వెదురు పుల్లతో గుచ్చడం, మిగిలిన పుల్ల తుంచేయడం, అంతా చూడకుండానే చేసేస్తోంది. ముగ్గురు నిలబడి వీడియో తీశారు, ఒక్క కట్టా కొనలేదు. ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుంది.

రిసార్టుల్లో సాయంత్రం పూట థింసా పెడతారు. తుడుం, కిరిడి, మోరి మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఇంకొకరి చేతులు పట్టుకుని గొలుసుగా కదులుతారు. చూడటానికి బాగుంటుంది, వాళ్లకి నాలుగు డబ్బులు వస్తాయి, అందులో తప్పు పట్టాల్సిందేం లేదు. కానీ ఆ ఆట వాళ్ల ఊళ్లల్లో చైత్రమాసపు పండగకి ఆడేది. ఇప్పుడు వాళ్ల పని దుక్కి దున్నడం. మొదటి వానలు పడ్డాయంటే చోళ్లు, సామలు జల్లుకోవాలి. మనతో కూర్చుని మాట్లాడే తీరిక వాళ్లకి లేదు, ఉండాలని ఆశించకూడదు కూడా. అందుకని ఈ కాలంలో అరకుకి వెళ్తే కొండలు చూసి వస్తాం, చల్లగా నిద్రపోయి వస్తాం, మనుషులతో పరిచయం పెద్దగా జరగదు. మేలో పాడేరు మోదకొండమ్మ జాతర తేదీలు కలిస్తే మాత్రం వదులుకోకండి. మన్యం ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి, పైగా అది టూరిస్టుల కోసం పెట్టింది కాదు.

ఇక కోనసీమ. వాతావరణం ఒక్కటే చూస్తే అరకుతో దీనికి పోలికే లేదు. సముద్రం దగ్గర కాబట్టి పట్టిన చెమట ఆరదు. థర్మామీటర్ 37 చూపిస్తుంటే ఒంటికి అంతకన్నా ఎక్కువే తెలుస్తుంది. రాత్రి పది దాటినా ఉక్కపోత. ఈదురుగాలి వీచిందంటే ముందు కొబ్బరి మట్ట తీగల మీద పడుతుంది, వెంటనే కరెంటు పోతుంది. అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి, నర్సాపురం లైను కోసం జనం ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నారు. రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా బస్సులో రావాలి, లేదా నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌లో నర్సాపురం దాకా వచ్చి చించినాడ వంతెన దాటాలి.

హోటల్లో దిగేవాళ్లకి మధ్యాహ్నం నరకమే. పన్నెండు దాటితే అయినవిల్లి, ర్యాలి, అంతర్వేది, ఏ గుడి తలుపులైనా దాదాపు వేసేసి ఉంటాయి. రోడ్డు మీద మనిషి కనపడడు. గదిలో ఏసీ వేసుకుని టీవీ చూడటానికి అంత దూరం రావడం దేనికి?

ఇంట్లో దిగితే మాత్రం కథ మారిపోతుంది. అమలాపురం దగ్గర మా పెద్దమ్మగారిది పాత పెంకుటిల్లు. మధ్యాహ్నం భోజనాలు కాగానే హాల్లో చాపలు పరిచేస్తారు. ఒకళ్లు నిద్ర, ఒకళ్లు పేకాట, పిల్లలు ఓ మూల అష్టాచెమ్మా. బయటి నుంచి తాటిముంజలు కోసి తెచ్చిన గెల వంటింటి గుమ్మంలో పడుంటుంది. నెలాఖరుకి ముంజలు కాస్త ముదురుతాయి కానీ రసం మామిడిపళ్లు మాత్రం ఇప్పుడే మంచి తీపి మీద ఉంటాయి. బంగినపల్లికి 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, మంచిదే. అయినా గోదావరి గాలి తగిలినవాడు ఈ రోజుల్లో చెరుకురసం మామిడిపళ్ల బుట్ట పక్కన కూర్చుని బంగినపల్లి వైపు చూడడు.

మేం వెళ్లిన వారం ఇంట్లో మాగాయ పెడుతున్నారు. ఆవకాయ అప్పటికే అయిపోయింది, మూడో రోజు తిరగగలిపి జాడీ కట్టేశారు. మాగాయకి ఈ మండుటెండలే కావాలి. తొక్క తీసి తరిగిన ముక్కల్ని ఉప్పు, పసుపు వేసి మూడు రోజులు ఊరనిస్తారు. తర్వాత ముక్కలు గట్టిగా పిండి డాబా మీద చాపల్లో ఆరబోస్తారు, ఊటని వెడల్పు బేసిన్లో పోసి పక్కనే ఎండలో పెడతారు. రెండో మధ్యాహ్నం మూడున్నరకి పడమటి వైపు ఆకాశం నల్లబడింది, కొబ్బరి మట్టలు తిరగబడ్డాయి. "ఊట ముందు దించండర్రా! ముక్కలు తడిస్తే మళ్లీ ఎండుతాయి, ఊటలో చుక్క పడిందంటే ఏడాది పచ్చడి బూజే!" అని పెద్దమ్మ కేక. నిద్రపోతున్నవాళ్లు, పేకాట వాళ్లు, డాలస్ నుంచి వచ్చిన పన్నెండేళ్ల మనవడు, అందరూ మెట్లెక్కారు. బేసిన్ ఇద్దరు పట్టుకున్నారు, మిగతావాళ్లు చాపలు నాలుగు మూలలా మడిచి ఎత్తారు. వాన పది నిమిషాల్లో ఆగిపోయింది. ఆ పిల్లాడు వేళ్లకంటిన ఉప్పు, పులుపు నాకుతూ మర్నాడు కూడా డాబా మీద కాపలా తనదే అన్నాడు. అప్పటిదాకా టాబ్లెట్ వదలని పిల్లాడు వాడు.

నేను మధ్యాహ్నం అని ఇంతలా పట్టుకుని కూర్చోవడానికి కారణం ఇదే. ఎండ వల్ల అందరూ ఒకే కప్పు కింద ఇరుక్కుంటారు. ఎక్కడికీ వెళ్లలేరు కాబట్టి మాట్లాడుకుంటారు. ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, ఎవరు కువైట్ నుంచి వచ్చారు, అంబాజీపేటలో కొబ్బరికాయ వెయ్యి ఎంత పలుకుతోంది, ఏ చేను ఎవరు కౌలుకి చేస్తున్నారు, అన్నీ ఆ చాపల మీదే తెలుస్తాయి. ఏడాదిలో మిగతా రోజుల్లో ఆ వీధిలో సగం ఇళ్లకి తాళాలుంటాయి, లేదా ముసలివాళ్లిద్దరే ఉంటారు. ఈ కొద్ది వారాలు తాళాలు తీస్తారు. ఒక మార్పు గమనించి సంతోషించాను. మగపిల్లలు కూడా పీలర్లు పట్టుకుని కాయల ముందు కూర్చుంటున్నారు, ఎవరూ వింతగా చూడటం లేదు. ఇంకో మార్పు బాధ కలిగించింది. ఈ తాళాలు తెరుచుకునే రోజులు ఏటేటా తగ్గుతున్నాయి. పిల్లల కోచింగులు, ఆఫీసు సెలవులు చూసుకుని వారం ఉండేవాళ్లు మూడు రోజులకే బయల్దేరుతున్నారు.

పెళ్లి ఉందంటే ఆ సందడి చెప్పక్కర్లేదు. 2024లో మూఢం వచ్చి మే, జూన్ నెలలు పెళ్లిళ్లు లేక ఊళ్లు బోసిపోయాయి. ముహూర్తాలున్న ఏడాది మాత్రం పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, నేతి గుంట పెట్టిన పూర్ణంబూరె లేని మధ్యాహ్నం ఉండదు. పిలుపు లేకపోయినా బంధువుల వెంట వెళ్లిన మిమ్మల్ని "ఆయ్, కూర్చోండి, వడ్డిస్తున్నాం" అని పంక్తిలో కూర్చోబెడతారు.

బయటికి కదిలితే ఆత్రేయపురం ఒక్కటి చూడండి, అదీ పొద్దున్నే. పూతరేకులకి 2023లో జీఐ వచ్చింది, హైదరాబాద్‌లో ప్రతి స్వీట్ షాపులోనూ దొరుకుతాయి. అయినా చేసే చోట చూడాలి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పల్చటి పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్కసారి లాగితే రేకు లేస్తుంది. ఈ ఎండల్లో ఆ మంట ముందు గంటల తరబడి కూర్చునే ఆడవాళ్లని చూశాక, డబ్బా ధర దగ్గర బేరమాడటానికి నాకు నోరు రాలేదు. మామిడి తాండ్ర కూడా ఈ రోజుల్లోనే చాపల మీద పొరపొరగా ఎండుతుంటుంది.

మిగతా చోట్ల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి క్లుప్తంగా. హార్స్‌లీ హిల్స్ చిత్తూరు, అనంతపురం, బెంగళూరు వైపు వాళ్లకి దగ్గర, సుమారు 1,265 మీటర్ల ఎత్తు, చల్లగా ఉంటుంది. ఒక రాత్రికి సరిపోతుంది, రెండో రోజు చేయడానికి ఏమీ ఉండదు. విశాఖ బీచ్ సాయంత్రాలకి మాత్రమే. ఊటీ, కొడైకెనాల్‌కి 2024 మే 7 నుంచి ఈ-పాస్ ఉండాలి, ముందే తీసుకోండి. జనం తాకిడి తట్టుకోగలిగితే వెళ్లండి. వికారాబాద్ అనంతగిరి ఈ వారాల్లో వద్దు, వానలు బాగా పడి ఆకు వచ్చాక వెళ్లండి.

కాబట్టి మీకు కోనసీమలో దిగడానికి ఒక ఇల్లుంటే, అది అత్తగారిదైనా, స్నేహితుడి మేనమామదైనా, రెండో ఆలోచన వద్దు, అక్కడికే వెళ్లండి. ఉక్కపోత ఉంటుంది, కరెంటు పోతుంది, అయినా వెళ్లండి. అరకు కొండలు డిసెంబర్‌లో ఇంకా అందంగా మీకోసం ఉంటాయి. ఆ ఇల్లు మాత్రం ఇప్పుడే నిండుగా ఉంటుంది. ఇల్లు లేకపోతే, మొహమాటం లేకుండా అరకు. సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లండి, కొండ మీద రెండు రాత్రులైనా ఉండండి. ఒక్కరోజులో పోయి రావాలంటే పోకపోవడమే మంచిది. ఐదేళ్ల లోపు పిల్లలుంటే చెమటకాయలు గుర్తుపెట్టుకుని అరకు వైపే మొగ్గండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మాత్రం బొర్రా గుహల మెట్లు దింపకండి.

రుతుపవనాల మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళకి వస్తాయి గానీ 2025లో మే 24కే వచ్చేశాయి. అలాంటి ఏడాది అరకు ఘాట్‌లో కారు నడపడం జాగ్రత్తగా చూసుకోవాలి, రైలే నయం. కోనసీమలో మాత్రం వానలు ముందే వస్తే మాగాయలు, వడియాలు కూడా ముందే పెట్టేస్తారు, చుట్టాలూ ముందే కదులుతారు. అందుకని టికెట్ తీసే ముందు ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకి ఫోన్ చేసి, ఏ వారం మాగాయ పెడుతున్నారో కనుక్కోండి. ఆ వారానికి టికెట్ తీయండి.